అక్క ఫోను మోగని రోజు

నా వీడ్కోలు సభ మధ్యలో నేను స్నానం చేశాను. మెడలో దండ తీసి, కప్పిన శాలువా తీసి, ఆ రోజు కోసం కుట్టించుకున్న చొక్కా విప్పి, తలకు సబ్బు రాసుకుని మరీ చేశాను. తలుపు బయట మేనేజరుగారు, ఆయన వెనక ఇంకో ఆరేడుగురు తమ వంతు కోసం నిలబడి "త్వరగా కానివ్వండి" అని బాదుతున్నారు. ఉద్యోగం చేసినన్నాళ్లలో అంత సిగ్గుపడిన రోజు లేదు. అంత సంతోషించిన రోజూ లేదు. రెండూ ఒకే మధ్యాహ్నం ఎలా కుదిరాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కంప్యూటర్ల పనిలో కొత్తగా చేరినవాళ్లు చదివితే మరీ మంచిది. ఇందులో తప్పంతా నాది. దాన్ని మీరు మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు.

నేను పనిచేసింది శంషాబాద్ అవతల ఒక కోడిపిల్లల హేచరీలో. గుడ్లు పొదిగించి, పిల్లలు పుట్టిన రోజే డబ్బాల్లో సర్ది పంపించే చోటు అది. దగ్గరి ఊళ్లకు వ్యాన్లలో పోతాయి, దూరపు రాష్ట్రాలకు విమానంలో పోతాయి. పుట్టిన కోడిపిల్లకు మొదటి రోజు తిండీ నీళ్లూ లేకపోయినా గడుస్తుంది, పచ్చసొన ఇంకా కడుపులోనే ఉంటుంది కనుక. ఆ ఒక్క రోజులో దాన్ని ఎంత దూరమైనా చేర్చవచ్చు. విమానాశ్రయం పక్కన హేచరీ పెట్టినవాళ్ల తెలివి అదే. మా మాటలు మాత్రం ముక్కలయ్యేవి. విమానం నెత్తిమీదుగా పోయిన ప్రతిసారీ మాట మధ్యలో ఆగి, అది దాటాక ఆగిన చోటు నుంచే అందుకునేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లకు మేమంతా ఏదో మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటున్నట్టు కనబడేవాళ్లం.

మాది కృష్ణా జిల్లా. హైదరాబాదు వచ్చి స్థిరపడినవాణ్ణి. ఆఫీసు మేడ మీద చల్లటి గదిలో కంప్యూటర్ల విభాగం మొత్తం నేనొక్కణ్ణే. ఆవరణకు అవతలి వైపు పిల్లల హాలు ఉండేది. గుడ్లు మొదటి పద్దెనిమిది రోజులు వేరే గదిలో ఉండి, చివరి మూడు రోజులకు ఈ హాల్లోని యంత్రాల్లోకి వస్తాయి. అక్కడే పగిలి పిల్లలవుతాయి. ఆ హాలుకు పెద్ద, పాల్మాకుల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకావిడ. డ్రైవరు నుంచి కోళ్ల డాక్టరు దాకా అందరూ ఆవిడను అక్కా అని పిలిచేవారు. నేనొక్కణ్ణే "ఏవమ్మా" అనేవాణ్ణి.

ఆ హాల్లోకి వెళ్లాలంటే స్నానం చేసి తీరాలి. బయటి జబ్బులు పిల్లలకు అంటకూడదని నియమం. ఎవరైనా సరే తలస్నానం చేసి, కంపెనీ ఇచ్చే నీలం పైజామా, నీలం చొక్కా వేసుకుని, రబ్బరు బూట్లను మందునీళ్లలో ముంచి అడుగు పెట్టాలి. అక్క ఈ విషయంలో ఎవరినీ వదిలేది కాదు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన "ఇంటి దగ్గర చేసే వచ్చానమ్మా" అన్నాడు.

"ఇంటికాడిది ఇంటికే సారూ. గీడిది గీడనే" అని ఆయన చేతిలో సబ్బు పెట్టింది.

నాకు ఆ స్నానమంటే బద్ధకం. తల తడిస్తే జలుబు చేస్తుందని అందరికీ చెప్పేవాణ్ణి. అసలు కారణం ఇంత కాలానికి ఇక్కడ రాస్తున్నాను. మేడ దిగి వెళ్లి, నీలం పైజామాలో హాలు పనివాళ్లలో ఒకడిలా కనబడటం నాకు ఇష్టం ఉండేది కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, తప్పనిసరైతేనే వెళ్లేవాణ్ణి.

ఇక నా పని. హాల్లోని యంత్రాలు వేడి ఎంతుందో, తేమ ఎంతుందో నిమిష నిమిషానికి రాసి పంపుతుంటాయి. ఆ రాతలను లాగ్‌లు అంటాం. వాటన్నిటినీ ఒకచోట చేర్చి కాపలా కాసే ఒక ఆన్‌లైన్ సర్వీసును మేము వాడేవాళ్లం. ఫలానా యంత్రంలో వేడి ఇంత దాటితే అలర్టు. అలర్టు వచ్చిన వెంటనే మనిషి ప్రమేయం లేకుండా ఒక పని జరిగిపోతుంది: ఒకరికి ఫోను వెళ్తుంది, సైరన్ మోగుతుంది, పంకా తిరుగుతుంది. ఆ జరిగే పనిని యాక్షన్ అంటారు. ఏళ్ల తరబడి అవసరం వచ్చినప్పుడల్లా ఒకటి చేర్చుకుంటూ పోతే అవి అరవై దాటాయి. వాటికి నేను పెట్టిన పేర్లు ఇవి: కొత్తది. కొత్తది రెండు. మార్చినది. చివరిది. అసలు చివరిది.

దీన్ని బద్ధకం అనుకునేవాళ్లు అందరూ. అందులో బద్ధకం సగమే. ఏ అలర్టు వచ్చినా అదేమిటో ఎవరికీ తెలియదు, "సారును అడగాలి" అనేవారు. ఆ మాట వినడానికి నా చెవులు అలవాటుపడ్డాయి. పెళ్లి భోజనం మధ్యలో ఫోను వస్తే విసుగు నటిస్తూ లేచి, పక్క బంతివాళ్లకు వినబడేంత గొంతుతో మాట్లాడేవాణ్ణి. తిరిగి వచ్చి కూర్చుని "నేను లేకపోతే అక్కడ ఒక్క క్షణం గడవదండీ" అనేవాణ్ణి. మా ఆవిడ పక్కన ఉంటే "అవునవును, ఆ కోళ్లు ఈయన మొహం చూసే గుడ్లు పెడుతున్నాయి" అనేది.

పదవీ విరమణకు ఇంకో నెలన్నర ఉందనగా నా స్థానంలోకి ఒక అమ్మాయిని తీసుకున్నారు. హిమాయత్ సాగర్ దగ్గరి ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పని నచ్చితే నేను వెళ్లిపోయే నెలాఖరుకే ఖాయం చేస్తారు. ఆ కాగితం మేనేజరుగారి బల్ల మీద సంతకం కోసం కాచుకుని ఉంది.

వచ్చిన మొదటి రోజే ఆ అమ్మాయి హాల్లోకి వెళ్లి మధ్యాహ్నం దాకా తిరిగి రాలేదు. తడి జుట్టుతో మేడ ఎక్కి వచ్చి, "సార్, అక్క చెవి పెట్టి వేడి చెప్తది సార్! మీటర్ చూడకముందే చెప్తది!" అంది.

అప్పటికి అన్నేళ్లుగా అక్కడ ఉన్న నాకు ఆ సంగతి తెలియదు. అక్క యంత్రం తలుపుకు చెవి ఆనించి వింటుందట. హాయిగా ఉంటే పిల్లలు మెత్తగా, ముచ్చట్లాడుకుంటున్నట్టు కూస్తాయి. చలి వేస్తే గోల పెడతాయి. వేడెక్కితే నోళ్లు తెరిచి రొప్పుతూ చప్పుడు తగ్గించేస్తాయి.

"లొల్లి జేస్తున్నయంటే ఏం కాదు బిడ్డా, సప్పుడు లేకుంటెనే నాకు బుగులు, అన్నది సార్ అక్క" అని ఆ అమ్మాయి అక్క గొంతుతోనే చెప్పింది. నేను "ఊఁ" అని కీబోర్డు వైపు తిరిగాను.

వారం తిరగకుండానే నా యాక్షన్ల జాబితా తెరిచి, కిందిదాకా చదివింది.

"సార్, ‘అసలు చివరిది’ అంటే ఏంది సార్?"

"చివరిది తర్వాత పెట్టింది."

"దాని తర్వాత ఇంకో పదకొండు ఉన్నయి సార్."

నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. ఆ సర్వీసువాళ్లు ప్రతి యాక్షన్‌కూ లేబుళ్లు తగిలించే వీలు కల్పించారనీ, ఒక లేబుల్ ఉన్నవాటన్నిటినీ ఒక్క దెబ్బతో వెతకవచ్చు, ఆపవచ్చు, మళ్లీ మొదలుపెట్టవచ్చనీ చెప్పింది. ఒక్కొక్కటీ తెరిచి రాయనక్కర్లేదు. ఏపీఐ ఉంది. అంటే తెర మీద నొక్కుకుంటూ పోకుండా మనం రాసిన ప్రోగ్రామే ఆ సర్వీసుతో నేరుగా మాట్లాడే దారి. పట్టికలో ఒక పక్క యాక్షన్ నంబరు, ఇంకో పక్క లేబుల్ రాసి ఇస్తే ప్రోగ్రాము నిమిషంలో అన్నిటికీ అంటించేస్తుంది.

"ప్రోగ్రాం నేను రాస్తా సార్. పట్టిక మాత్రం మీరు, నేను, అక్క కలిసి నింపుదం. హాల్లో కూసుందాం."

"హాల్లో ఎందుకమ్మా? అంతా నా బుర్రలోనే ఉంది."

"బుర్రలో ఉన్నదాన్నే బయటికి తీద్దామని సార్."

నేను తీయలేదు. రేపు, ఎల్లుండి అంటూ నెల గడిపాను. బయటికి తీస్తే నా బుర్రలో అది నిజంగా లేదని తెలిసిపోతుందని భయం. ఆ అమ్మాయి రోజూ గుర్తుచేసేది, విసుగు చూపకుండా. చివరికి వీడ్కోలుకు ముందు రోజు, భోజనమయ్యాక, ఒక్కణ్ణే కూర్చుని ఒక్క ఊపున పట్టిక నింపేశాను. సగానికి పైగా సులువుగానే గుర్తొచ్చాయి. కొన్నింటికి ఊహించి రాశాను. ఓ పన్నెండు మాత్రం ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. తెలియదు అని రాయవచ్చు కదా. రాయలేదు. వాటన్నిటికీ ‘అనవసరం’ అని లేబుల్ పెట్టాను.

ఆ పన్నెండింటిలో ఒకదాని చరిత్ర తీసి చూశాను కూడా, చూడలేదని చెప్పలేను. పిల్లలు పుట్టే ప్రతి రోజూ పదకొండున్నర ప్రాంతంలో అది ఒక నంబరుకు ఫోను చేస్తోంది. ప్రతిసారీ మోగుతోంది, ఎవరూ ఎప్పుడూ దాని గురించి నన్ను అడగలేదు. ప్రతిసారీ మోగేది అలారం ఎలా అవుతుంది అనుకున్నాను. ఆ నంబరు ఎవరిదో చూడటానికి రెండు నిమిషాలు పట్టేది. చూడలేదు.

పట్టిక చూసి ఆ అమ్మాయి నొసలు ముడిచింది.

"సార్, పన్నెండు అనవసరమా? జర అక్కను అడిగి వస్తా."

"నేను పెట్టినవి నాకు తెలియవా? లేబుళ్లు అంటించి ఆ అనవసరమైనవి ఆపెయ్. శుభ్రంగా అప్పగించి వెళ్లాలిగా నేను."

"మీరు చెప్తే సరే సార్" అంది. ప్రోగ్రాము నడిపింది. లేబుళ్లు అంటించిందీ, పన్నెండింటిని ఆపిందీ ఆ అమ్మాయి లాగిన్ నుంచే. నా పేరు ఎక్కడా పడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మర్నాడు ఆఫీసు ముందు ఆవరణలో నా సభ. ఆ రోజే పిల్లలు పుట్టే రోజు కూడా. మధ్యాహ్నం విమానానికి ఈశాన్య రాష్ట్రాలకు డబ్బాలు వెళ్లాలి. అలాంటి రోజు అక్క హాలు దాటి రాదు. నేనే ఇంటర్‌కమ్‌లో పిలిచాను.

"పిల్లలు దిగే రోజు నేను హాలు ఇడువ సారూ. మీకు ఆడికెళ్లే దండం పెడుత."

"పది నిమిషాలమ్మా. నీకు ఫోను వస్తుందిగా, అప్పుడు వెళుదువుగాని."

హాలు పనివాళ్లకు యంత్రాల నుంచి ఏవో ఫోన్లు వెళ్తాయని మాత్రమే నాకు గుర్తు. ఆవిడ ఫోను ఏదో, ఎప్పుడు మోగుతుందో తెలియకుండానే ఆ మాట అనేశాను. కుర్చీలన్నీ నిండాలి, అదే నా తాపత్రయం. ఆవిడ నా మాట నమ్మి వచ్చింది. డబ్బాలు మడిచే ఇద్దరు ఆడపిల్లలను పక్క గదిలో ఉంచి, చీర మార్చుకుని వచ్చి, చివరి వరుసలో ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

దండలయ్యాయి, శాలువా అయింది. వెనక గిన్నెల్లో బిర్యానీ వాసన వస్తోంది. మేనేజరుగారు మైకు పట్టుకుని "ఈయన చేతిలో పెట్టిన పని గురించి మేము ఏనాడూ..." అన్నారు. విమానం వచ్చింది. ఆగారు. అది దాటగానే "...కంగారు పడలేదు" అని పూర్తిచేశారు. చప్పట్లు.

చప్పట్ల మధ్యలో అక్క లేచి నిలబడింది.

"సారూ, జర ఆగున్రి. నా ఫోను మోగలే."

మేనేజరుగారు నవ్వారు. "మోగకపోతే మంచిదేగా అమ్మా. అంతా బాగుందన్నమాట."

"మంచిది గాదు సారూ. పిల్లలు దిగంగనే తేమ లేస్తది, నా ఫోను మోగుతది. ఎన్నడైనా పదకొండున్నరకల్ల మోగుతది. గా ఫోను ఇన్నంకనే నేను డబ్బలు పరుస్త. గిప్పుడు పన్నెండు దాటింది. ఇగ మోగలేదంటే..."

చెప్పులు కుర్చీ కిందే వదిలేసి హాలు వైపు పరుగెత్తింది.

దండ మెడలో ఉండగానే నాకు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక ఎండాకాలం అక్క అడిగితేనే ఆ యాక్షన్ పెట్టాను. దానికి రెండు పనులు. ఒకటి అక్కకు ఫోను. రెండోది, హాల్లోని వేడిగాలిని, తేమను బయటికి తోసే పెద్ద పంకాను తిప్పడం. ఇప్పటికి ఇలా కానిద్దాం, తర్వాత పంకాకు వేరే ఏర్పాటు చేద్దాం అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. నేను అనవసరం అని రాసింది దాన్ని. ఆ హాలు వేడి అలర్టులు కూడా ఆ పన్నెండింటిలోనే పడి ఉండాలి, అవీ మోగలేదు.

నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి నా వైపు ఒక్కసారి చూసి మేడ మెట్ల మీద ఉంది. ఏ యాక్షన్ ఏమిటో వెతుక్కోవలసిన పని లేకపోయింది. ‘అనవసరం’ లేబుల్ ఉన్నవన్నీ మళ్లీ మొదలుపెట్టమని ఏపీఐకి ఒక్క ఆదేశం ఇచ్చింది. చాలా తప్పుగా పెట్టిన లేబులే, కానీ పన్నెండింటికీ ఒకే తప్పు పెట్టడం వల్ల అన్నీ ఒకేసారి లేచాయి. ఆవరణ అవతల పెద్ద పంకా గుర్రుమని తిరగడం వినిపించింది. కుర్చీ కింద అక్క చెప్పుల పక్కన పడి ఉన్న ఫోను అప్పుడు మోగింది.

హాలు తలుపు దగ్గర అక్క మళ్లీ కనిపించింది. అప్పటికే నీలం బట్టల్లో ఉంది, జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"సప్పుడు తగ్గింది సారూ! రొప్పుతున్నయి. ట్రేలు బయటికి తియ్యాలె, చల్లగదికి మొయ్యాలె. గా ఇద్దరు ఆడపిల్లలు సాలరు. చేతులు గావాలె నాకు!"

అందరం ఒక్కసారిగా కదిలాం. ఆవిడ చేతులు అడ్డం పెట్టింది.

"తానం చేసి రార్రి! ఎవలైనా సరే!"

రెండే స్నానాల గదులు. ఒకదాంట్లోకి మొదట నన్నే తోశారు, ఎవరు తోశారో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాతది మీరు మొదట్లో చదివారు. రెండు నిమిషాల్లో నీలం పైజామాలో బయటపడ్డాను. మేనేజరుగారిది మంచి పొడుగు. ఆయనకు దొరికిన పైజామా మోకాళ్ల కిందికి రాలేదు. లెక్కల గుమస్తా చొక్కా తిరగేసి వేసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు అప్పుడు.

యంత్రాల తలుపులు తెరిచి ఉన్నాయి. ట్రేల నిండా పసుపుపచ్చని పిల్లలు, రెక్కలు దూరంగా పెట్టి, నోళ్లు తెరిచి. వందల నోళ్లు, చప్పుడు లేదు. ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండకూడదని ఏమీ తెలియని నాకే అర్థమైంది. వరుసకట్టి ట్రేలు చేతులు మార్చుకుంటూ చల్లగదికి చేరవేశాం. చోటు చాలక మిగిలినవాటికి డబ్బాల మూతలతో విసిరాం. నా పక్కన విసురుతున్న డ్రైవరు "సార్, జర మెల్లగ, ఎగిరిపోతయి" అన్నాడు.

ఎంతసేపు విసిరామో తెలియదు. అక్క ఒక ట్రే మీదికి వంగి చెయ్యెత్తింది. అందరం ఆగాం. ముందు ఒకటి కూసింది. తర్వాత ఇంకో మూలనుంచి రెండు. కాసేపటికి ఆ గది అంతా మెత్తగా, అన్ని వైపుల నుంచీ, సంతలో జనం మాటల్లాగా కూత మొదలైంది.

"ఇగ ముచ్చట పెడుతున్నయి" అంది అక్క. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మేనేజరుగారు తన పైజామా వైపు చూసుకున్నారు. అంతే, హాలు హాలంతా పగలబడి నవ్వింది. మేము నవ్వుతుంటే పిల్లలు ఇంకా గట్టిగా కూశాయి.

కొన్ని పోయాయి. ఒక మూల ట్రేలోవి. అక్క వాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతుంటే చూశాను. ఇంత సంతోషం రాస్తూ వాటిని దాటవేయడం నాకు చేతకాదు. మిగతావన్నీ డబ్బాల్లోకి ఎక్కాయి, వ్యాను బయలుదేరింది, విమానం అందింది.

వ్యాను వెళ్లాక, తడి తలలతో అక్కడే నిలబడి ఉండగా, మేనేజరుగారు అడిగారు.

"ఇంతకీ ఆ అలర్టు ఎలా ఆగింది? ఎవరు ఆపారు?"

"నా లాగిన్ నుంచే ఆగింది సార్. నిన్న" అంది ఆ అమ్మాయి.

అంతే అంది. సారు చెప్తే ఆపాను అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. అప్పుడే విమానం వచ్చింది. అందరం అలవాటుగా ఆగాం. అది దాటేంతసేపు నేను మాట్లాడకపోవడానికి కారణం ఉంది. దాటింది. అప్పుడూ మాట్లాడలేదు. నా వీడ్కోలు రోజు, నా గురించి అంత బాగా చెప్పారు, ఈ అమ్మాయికి ముందు ఇంకా బోలెడు ఉద్యోగ జీవితం ఉంది, ఒక మాట పడితే ఏమవుతుంది అనుకున్నాను. అవును, అనుకున్నాను. మేనేజరుగారు "సరే, రేపు ఉదయం నా గదికి రామ్మా. ఆ కాగితం సంగతి కూడా..." అంటున్నారు.

"సారూ," అని నన్ను పిలిచింది అక్క. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగింది. "ఆ ఫోను మీరే పెట్టిన్రు గదా నాకు. గా ఎండాకాలం. ఇన్నేండ్ల సంది ఒక్కనాడు తప్పలే. మరి ఇయ్యాల ఎందుకు మోగలే?"

ఆవిడ అడగకపోయినా చెప్పేవాణ్ణని అనుకోవాలని ఉంది. ఖాయంగా చెప్పలేను.

"నేనే ఆపించాను. అదేమిటో నాకు గుర్తులేదు. గుర్తులేదని చెప్పడానికి నామోషీ. నిన్ను అడుగుతానని ఈ అమ్మాయి అంటే నేనే వద్దన్నాను. నెలరోజులుగా హాల్లో కూర్చుందాం రండని పిలుస్తోంది. స్నానం చేయాలని రాలేదు" అన్నాను.

మేనేజరుగారు నా తడి తల వైపు చూశారు.

"స్నానం చేయాలనా?" అన్నారు మేనేజరుగారు.

"అవునండీ."

"ఉద్యోగంలోంచి తీసేద్దామంటే ఇవాళే అయిపోయిందే మీ ఉద్యోగం!" అని ఆయన తల పట్టుకున్నారు. తర్వాత అక్క వైపు తిరిగారు. "నువ్వే చెప్పమ్మా, ఏం చేద్దాం ఈయన్ని?"

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏం జేస్తం. మూడు దినాలు వచ్చి హాల్ల కూసోమనున్రి. రోజు తానం చెయ్యాలె. తలకు పోసుకోవాలె."

బిర్యానీ చల్లారిపోయింది. ఎవరూ బట్టలు మార్చుకోకుండా నీలం పైజామాలతోనే తిన్నాం. నా వీడ్కోలు ఫొటోలో నేను, మేనేజరుగారు, అక్క, ఆ అమ్మాయి, డ్రైవరు, అందరం తడి తలలతో ఒకేలా ఉన్నాం. ఎవరు ఆఫీసర్లో, ఎవరు హాలు పనివాళ్లో మా ఇంటికి వచ్చినవాళ్లెవరూ చెప్పలేకపోయారు. ఆ అమ్మాయి కాగితం మీద మర్నాడే సంతకం అయింది.

మూడు రోజులు వెళ్లాను. అక్క, నేను, ఆ అమ్మాయి ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని అరవై చిల్లర యాక్షన్లను ఒక్కొక్కటే చదివాం. ఇది ఏం చేస్తుందో నేను చెప్పేవాణ్ణి, తెలియకపోతే తెలియదనేవాణ్ణి. రెండో రోజుకు ఆ మాట సులువుగానే వచ్చింది. అది మోగితే హాల్లో ఏం చేస్తారో అక్క చెప్పేది. ఆ అమ్మాయి రాసుకునేది. లేబుళ్లు తెలుగు అక్షరాల్లో కూడా పెట్టవచ్చని ఆ రోజే తెలుసుకున్నాం. ఏ యంత్రం, ఎవరి ఫోను అన్న లేబుళ్లు కాక, ప్రతిదానికీ ఇంకోటి పెడదామంది అక్క. అవి మూడే. ఉరకాలె. చూడాలె. తెలిస్తే చాలు.

మేనేజరుగారు జాబితా చూసి "ఉరకాలె ఏమిటి, అత్యవసరం అని పెట్టండి, పద్ధతిగా ఉంటుంది" అన్నారు.

"అత్యవసరం అంటే ఎవలు ఉరుకుతరు సారూ?" అంది అక్క.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి సంతకం పెట్టేశారు. పంకాకు వేరే ఏర్పాటు కూడా ఆ వారమే చేయించారు. మూడో రోజు సాయంత్రం వెళ్లిపోతూ "వస్తాను అక్కా" అన్నాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోకుండా "మంచిది సారూ, తల మంచిగ తుడుచుకో" అంది.

ఇప్పుడు బుద్వేల్‌లో ఉంటున్నాం. మొదటి రెండు వారాలు నా ఫోను మోగలేదు. నేను లేకుండా అక్కడ క్షణాలు శుభ్రంగా గడుస్తున్నాయి. పెట్టిన చోటే ఉందా అని ఫోనును మాటిమాటికీ తీసి చూస్తుంటే మా ఆవిడ "కోళ్లు బెంగపెట్టుకున్నాయేమో, కనుక్కోండి" అనేది.

మూడో వారంలో, మా బంధువుల పెళ్లిలో భోజనానికి కూర్చున్నాను. పదకొండున్నర అయింది. ఫోను చప్పుడు చేసింది. ఆ సర్వీసు నుంచి వచ్చిన సందేశం. కొత్త యాక్షన్, నేను పెట్టింది కాదు. పేరు: పిల్లలు దిగినయి. కింద రెండు లేబుళ్లు: సారు ఫోను. తెలిస్తే చాలు.

పక్క ఆకు దగ్గరి పెద్దమనిషికి నా పాత అలవాటు తెలుసు. నేను లేవడానికి వీలుగా కాళ్లు ముడుచుకుని, "ఆఫీసు నుంచేగా? వెళ్లాలేమో చూడండి" అన్నాడు.

"లేదండీ. పిల్లలు పుట్టాయట" అని, ఫోను జేబులో పెట్టుకుని, ఇంకొంచెం పప్పు వేయమన్నాను.